వైన్ షాపు బోర్డు చూస్తే చాలు, నాలుక లాగుతోందట!

ప్రశ్న: మా వారికి 44 ఏళ్లు. మందు మానేసి ఏడు నెలలైంది. ఇంట్లో బాగానే ఉంటారు కానీ, సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ వీధి మలుపులో వైన్ షాపు బోర్డు చూడగానే చెమటలు పట్టి, నాలుక లాగుతోందని చెబుతున్నారు. ఆయనకు తెలియకుండా కూరలో మాత్ర కలపమని బంధువులు అంటున్నారు. కలపవచ్చా?
– ఒక సోదరి

జవాబు: కలపకండి. ఇలా చాటుగా కలిపేది చాలావరకు డైసల్ఫిరామ్ మాత్ర. అది కడుపులో ఉండగా మందు తాగితే వాంతులు, ఆయాసం వచ్చి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా అది భయంతో తాగుడు ఆపించే మందే తప్ప, మీరు చెబుతున్న యావను తగ్గించేది కాదు.

ఆ యావ మనోబలం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఏళ్ల తరబడి అదే మలుపులో, అదే వేళకు తాగిన మనిషి మెదడు ఆ బోర్డు వెలుగును, గ్లాసుల చప్పుడును, పక్క బండి మీద వేగుతున్న మిరపకాయ బజ్జీల వాసనను సైతం మత్తుతో ముడివేసుకుంటుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగాల్లో, కోరికను రేపే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాలు మొదట పళ్లరసం నోట పడినప్పుడు ఉత్తేజితమయ్యేవి. రసానికి ముందు ఒక సంకేతం వస్తుందని కోతి నేర్చుకున్నాక మాత్రం ఆ సంకేతానికే స్పందించి, రసం వచ్చినా మిన్నకున్నాయి. 2008లో అమెరికాలో 22 మంది కొకైన్ బాధితులకు మత్తుకు సంబంధించిన చిత్రాలను 33 మిల్లీసెకన్లపాటు, అంటే రెప్పపాటు కన్నా తక్కువ సమయం, చూశామన్న స్పృహే కలగని విధంగా చూపించినప్పుడు కూడా వారి మెదడులో కోరికకు సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. మీ వారు ‘అటు చూడను’ అనుకునేలోపే సగం పని జరిగిపోతోందన్నమాట.

ఏడు నెలలైనా ఇంకా ఇదేమిటని ఆయనను నిలదీయకండి. మందు ఒంట్లోంచి పోయినంత త్వరగా ఈ ముడి వీడదు. దాచకుండా మీతో చెప్పారంటే, నా దృష్టిలో అది మంచి సూచన.

కొన్నాళ్లు ఆయన వేరే దారిలో ఇంటికి రావాలి. ఆకలి, అలసట యావను పెంచుతాయి కాబట్టి బయలుదేరే ముందే ఏదైనా తినాలి. యావ ఒక్కసారిగా ఎగసినా సాధారణంగా అరగంటలోపే సద్దుమణుగుతుంది. ఆ కాసేపు మీకు ఫోన్ చేసి మాట్లాడుతూ నడవమనండి. దీన్ని తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వంటి మందులున్నాయి కానీ, కాలేయ పరీక్ష చేయించి, మానసిక వైద్యుల పర్యవేక్షణలో, ఆయనకు తెలిసే వాడాలి. దగ్గర్లో వైద్యులెవరో తెలియకపోతే జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.