ఉచితం వినేవారికే

చిరంజీవికి ఆశీస్సులు.

మీ నగరంలో టికెట్టు లేకుండా మూడు రోజుల సంగీతోత్సవం జరపాలనుకుంటున్నావని, దానివల్ల నగరానికి ఒరిగేదేమిటని అధికారులు అడుగుతున్నారని రాశావు. ఇలాంటి ఉచిత ఉత్సవాలు జరిపే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నవాణ్ణి కనుక, తెలిసినది చెబుతాను.

జవాబు చెప్పేటప్పుడు లెక్కను పెంచి చూపకు. వచ్చిన జనం మొత్తాన్ని తలకింత ఖర్చని గుణించి తెచ్చిన అంకెను అనుభవమున్న అధికారి నమ్మడు. స్థానికులు ఉత్సవంలో పెట్టే ఖర్చులో చాలా భాగం ఎలాగూ ఊళ్లోనే మరోచోట పెట్టేదే కాబట్టి, నగరానికి కొత్తగా చేరే సొమ్ము ముఖ్యంగా ఉత్సవం కోసమే బయటి ఊళ్ల నుంచి వచ్చి, బస చేసి వెళ్లేవారిది. వేర్వేరు వేళల్లో, వేర్వేరు వేదికల దగ్గర కొన్ని వందల మందిని "ఎక్కడి నుంచి వచ్చారు, ఈ ఉత్సవం లేకపోయినా వచ్చేవారా" అని అడిగించు. అంకె చిన్నదే వచ్చినా గట్టిగా నిలుస్తుంది.

గేటు లేకపోవడమే ఉచిత ఉత్సవానికి ఉన్న బలం. టికెట్టు కొన్నవారు ఆవరణ దాటి బయటికి రారు, లోపలి దుకాణాల్లోనే కొంటారు. గేటు లేని చోట జనం ఒక కచేరీ విని, వీధిలోకి వెళ్లి, మళ్లీ మరో వేదిక దగ్గరికి వస్తారు. అందుకని ఒకే పెద్ద మైదానం కన్నా, బస్సు దిగే చోటికీ అంగళ్ల వీధికీ మధ్య మూడు నాలుగు చిన్న వేదికలు వేయడం మేలు. కెనడాలోని మాంట్రియల్‌లో 1980లో మొదలైన జాజ్ సంగీతోత్సవం నగరం నడిబొడ్డున వీధుల్లోనే ఉచిత కచేరీలు జరుపుతూ వచ్చింది. 2009లో అక్కడ ఉత్సవాల కోసమే ఒక కూడలి సిద్ధమైంది.

సంస్కృతి సంగతి అంకెల్లో ఇమడదు. మా ఉత్సవంలో ఒక సాయంత్రం సంచితో ఇంటికి వెళుతున్న ఒకావిడ వయొలిన్ వినబడి ఆగింది. రెండు పాటలు నిలబడే విని, మూడో పాటకు సంచి కింద పెట్టి కూర్చుంది. తాను ఎరగని సంగీతానికి ఆవిడ టికెట్టు కొని ఉండేది కాదు. షికాగోలో 1984 నుంచి, అక్కడి నల్లజాతి జనం మధ్య పెరిగిన బ్లూస్ సంగీతానికి ఉచితంగా ఉత్సవం జరుపుతున్నారంటే, ఆ నగరం తన సంగీతాన్ని తన జనానికే మళ్లీ వినిపిస్తున్నదని నేను అనుకుంటాను.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి ఏడాది వేదికకు, దీపాలకు, మైకులకు ముందుగానే డబ్బు కట్టి, కళాకారులకు మాత్రం "మీకు పేరు వస్తుంది" అని సరిపెట్టాను. కచేరీ ముగిశాక మృదంగం గుడ్డలో చుట్టుకుంటున్న పెద్దాయన, బస్సు ఛార్జీ అయినా ఇస్తారా బాబూ అని మెల్లగా అడిగాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఫ్రాన్స్‌లో 1982 నుంచి ఏటా జూన్ 21న జరిగే సంగీత దినంలో ఔత్సాహికులు ఇష్టపడి వీధుల్లో వాయిస్తారు, అది వేరు. సంగీతమే జీవనోపాధి అయినవారిని పిలిచి ఉత్త చేతులతో పంపడం వేరు. పైగా స్థానిక కళాకారుడికి ఇచ్చిన డబ్బు చాలావరకు ఊళ్లోనే తిరుగుతుంది.

నిధులకు ఒక్కరి మీదే ఆధారపడకు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2001లో బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద శైలి సంగీతానికి ఉచిత ఉత్సవం మొదలుపెట్టిన ధనికుడు వారెన్ హెల్‌మన్ 2011లో కన్నుమూసినా, ముందే నిధి ఏర్పాటు చేసి వెళ్లడం వల్ల అది కొనసాగింది. అంతటి దాత నీకు దొరక్కపోవచ్చు. నగర పాలక సంస్థ గ్రాంటు, వ్యాపారుల చందాలు, అంగళ్ల అద్దె, శ్రోతల విరాళాలు కలిస్తే ఒకటి తగ్గినా ఉత్సవం ఆగదు.

బడ్జెట్టు కాగితంలో మొదటి వరుసలో కళాకారుల పారితోషికం, రెండో వరుసలో మరుగుదొడ్లు, మూడో వరుసలో రాత్రి బస్సుల ఏర్పాటు రాసి, అధికారుల దగ్గరికి వెళ్లే ముందు నాకొకసారి పంపు.