అలివేలు అంటే ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. కాలం చేసిన మా అత్తగారి పేరు అలివేలు అని పెట్టుకోవాలని మావారి కోరిక. కోడలు మాత్రం ఆ పేరు మరీ పాతదంటోంది. అలివేలు అంటే తుమ్మెదల వంటి జడ గలదని ఒకరు, అసలది అరవ పేరని మరొకరు చెబుతున్నారు. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు అయితే, ఆ పేరుగలావిడ మైసూరు రాజులను శపించిందని భయపెడుతోంది. నిజానిజాలు తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తుమ్మెదల జడ గలది అలివేణి. సంస్కృతంలో అలి అంటే తుమ్మెద, వేణి అంటే జడ. కావ్యనాయికలకు విశేషణంగా వాడే ఆ మాటకూ మీ అత్తగారి పేరుకూ మొదటి అక్షరాల పోలిక తప్ప చుట్టరికం లేదు.

అరవ పేరన్నవారి మాట నిజమే. అలివేలుకు మూలం తమిళంలోని అలర్‌మేల్‌మంగై. అలర్ అంటే విరిసిన పువ్వు, మేల్ అంటే పైన, మంగై అంటే పడుచు. వెరసి, తామరపువ్వు మీద కొలువైన లక్ష్మీదేవి. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు తన తమిళ కృతి తిరువాయ్‌మొళి ఆరవ పత్తులో, అంటే ఆరవ భాగంలో, తిరుమలేశుని శరణు వేడుతూ, క్షణమైనా విడిచి ఉండలేనంటూ అలర్‌మేల్‌మంగై నివసించే వక్షఃస్థలం గలవాడా అని పిలిచిన పాశురంలో (పద్యంలో) ఈ పేరు ఉంది. తిరుచానూరు అమ్మవారిని మనం పద్మావతి అన్నా, అలమేలుమంగ అన్నా తామరనే తలచుకుంటున్నాము.

అయితే తమిళం నుంచి వచ్చినంత మాత్రాన అది మనకు పరాయిది కాదు. అలరు అంటే పువ్వన్న అర్థం తెలుగులోనూ ఉంది; మన్మథుణ్ణి అలరువిల్తుడన్నదీ, తలపైన కట్టే చాందినీని మేలుకట్టు అన్నదీ మనమే. అన్నమయ్య (1408–1503) ‘అలరులు కురియగ నాడెనదే’ అన్న పల్లవిలో అలరులతో మొదలుపెట్టి అలమేలుమంగతో ముగించడం చూస్తే, ఆ పేరులోని పువ్వు ఆయన చెవికి స్పష్టంగానే వినిపించిందని నాకు అనిపిస్తుంది. ఇక మామ మావగా, మామిడి మావిడిగా పలికే మన నోట అలమేలు అలివేలు కావడంలో వింత లేదు. అలివేలమ్మ, మంగ, మంగతాయారు అన్న పేర్లన్నీ ఈ కుదురులోనివే. తాయారు అంటే తమిళంలో తల్లిగారు.

మైసూరు కథకు వస్తే, 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్టణాన్ని విజయనగర ప్రతినిధి చేతి నుంచి వశం చేసుకున్నాడు. ఆ ప్రతినిధి భార్య అలమేలమ్మ తలకాడుకు తరలిపోయిందనీ, నగల కోసం రాజభటులు వెంటపడగా మాలంగి దగ్గర కావేరిలో దూకుతూ, తలకాడు ఇసుకపాలు కావాలనీ, మాలంగి మడుగు కావాలనీ, మైసూరు రాజులకు సంతానం కలగకూడదనీ శపించిందనీ చెబుతారు. ఆ కథలో అన్యాయానికి గురైనది అలమేలమ్మే. శపించబడిన ఆ రాజవంశమే ఆమె ప్రతిమను పూజిస్తూ వస్తుండగా, మీ ఆడపడుచుగారు భయపడవలసిన పని లేదు.

పేరు పాతదన్న మీ కోడలి మాటను మాత్రం నేను కాదనను. ఇప్పుడు ఈ పేరు మన ఇళ్లలో ఎక్కువగా అమ్మమ్మలకూ నాయనమ్మలకే ఉంది. మనవరాళ్లకు పెట్టినా రెండో పేరుగా వెనక్కి నెడుతున్నారు. అయినా ఈ ఊళ్లో అది చెవికి కొత్త కాదు. భరతనాట్య కళాకారిణి అలర్‌మేల్ వల్లి చెన్నైవారే. త్యాగరాయనగర్ జి.ఎన్. చెట్టి రోడ్డులో, నటి కాంచన ఇచ్చిన స్థలంలో తిరుమల తిరుపతి దేవస్థానం కట్టిన పద్మావతీ అమ్మవారి ఆలయానికి 2023 మార్చిలో కుంభాభిషేకం జరిగింది.

పేరు పెట్టదలిస్తే ఒక్క సంగతి గమనించండి. అలివేలు అని తమిళ లిపిలో రాస్తే, చదివేవారు దానిని అలి, వేలు అని విడగొట్టే ప్రమాదం ఉంది. వేలు అక్కడ మురుగన్ పేరిట మగపిల్లలకు పెట్టే పేరు. అలి అన్నది ఆడా మగా కానివారిని చులకన చేసిన పాత మాట. నేడు మర్యాద తెలిసినవారు ట్రాన్స్ మహిళలను తిరునంగై అంటారు. బడిలో పిల్లకు ఆ వేళాకోళం ఎందుకు? కాగితాలలో అలమేలు అని రాయించి, ఇంట్లో నోరారా అలివేలు అని పిలుచుకోవడం మేలు. కోడలిని తొందరపెట్టనక్కరలేదు కూడా: పేరు లేకుండా జననం నమోదైనా, ఆ నమోదు జరిగిన 12 నెలలలోపు రుసుము లేకుండా, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుము చెల్లించి పేరు చేర్పించుకోవచ్చు.