అమెరికాలో అన్నం మానాలా? కొత్తగా వచ్చినవాళ్లకి నా సలహా

చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన మన పిల్లలు చాలామంది ఏడాది తిరిగేలోపే బరువెక్కుతారు. కంగారుపడి అన్నం పూర్తిగా మానేస్తారు. నాలుగు రోజులకి నీరసం, మళ్లీ మామూలే. అన్నం మానక్కర్లేదమ్మా. దాని పక్కన ఉండాల్సినవి పళ్లెంలోంచి జారిపోయాయి, వాటిని వెనక్కి తెచ్చుకోండి.

ఇంటి దగ్గర కూర, పప్పు, చారు, పెరుగు అన్నీ ఉండేవి. ఇక్కడ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండదు, కుక్కర్లో అన్నం పెట్టి ఆవకాయ, నెయ్యితో కానిచ్చేస్తారు. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల కార్బోహైడ్రేట్లు, అంటే పిండిపదార్థం ఉంటుంది. ఉత్త పచ్చడితో అయితే రెండు మూడు కప్పులు తిన్నా తృప్తి ఉండదు. అందుకే ఆదివారం ఒక్క గంట కేటాయించి గట్టి ముద్దపప్పు వండి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇండియన్ స్టోర్లో బెండకాయ, దొండకాయ, గోంగూర తరిగి ఫ్రీజ్ చేసినవి దొరుకుతాయి, పోపులో వేస్తే పావుగంటలో కూర తయారు. గుడ్లు తినేవాళ్లకి ఇంకా సులువు, ఒక్కో గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పెరుగుకి బదులు చక్కెర కలపని గ్రీక్ యోగర్ట్ కొనండి, ప్రొటీన్ దాదాపు రెట్టింపు. ముందు కూర, పప్పు కాస్త తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. కొర్రలు, సామలు మంచివే, కానీ అవీ పిండిపదార్థమే, కొలత లేకుండా తినొద్దు.

ఇండియా కాల్స్ అయ్యాక రాత్రి పదకొండింటికి తినడం మాత్రం మానండి. కాల్ మొదలవక ముందే తినేసి, ఫోన్ చెవిలో పెట్టుకుని ఇంట్లోనే పది నిమిషాలు నడవండి.

డబ్బా వెనక లేబుల్ మీద ‘యాడెడ్ షుగర్స్’ (విడిగా కలిపిన చక్కెర) అనే వరుస చూడండి. 4 గ్రాములంటే ఒక టీస్పూన్ చక్కెర. 12 ఔన్సుల కోక్ క్యాన్‌లో 39 గ్రాములుంటాయి. రెస్టారెంట్లో రీఫిల్ ఉచితం కదా అని రెండు గ్లాసులు తాగితే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

‘నేను సన్నగానే ఉన్నాను, నాకెందుకు టెన్షన్’ అనుకునేవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. మనవాళ్లకి కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకే ఇక్కడ ఆసియా వాళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 23కి చేరగానే షుగర్ పరీక్ష చేయించమంటారు. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి అది సుమారు 147 పౌండ్లే. నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లలో ఏడాదికోసారి నెట్‌వర్క్ డాక్టర్ (ఆ ప్లాన్ జాబితాలో ఉన్న డాక్టర్) దగ్గర చెకప్ ఉచితం. అప్పుడు ఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒకరకం కొవ్వు) చూడమని మీరే అడగండి, వాటికి విడిగా బిల్లు వస్తుందేమో కూడా కనుక్కోండి. ఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ. తిండితో, నడకతో వెనక్కి తిప్పగలిగే దశ అది, వదులుకోవద్దు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు వాట్సాప్‌లో వచ్చే ఉపవాసాల డైట్లు డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. శాకాహారులైతే, ముఖ్యంగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే, విటమిన్ బీ12 కూడా చూడమనండి.