ముందుకథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ సీరియల్లోని అమ్మమ్మ పదహారేళ్లప్పటి సంగతులతో నువ్వు రాసి పంపిన ముందుకథ రెండుసార్లు చదివాను. సీరియల్ అయిపోయినా అమ్మమ్మ పాత్ర నిన్ను వదల్లేదంటే సంతోషమే. కానీ రాసిన తీరుకి నా మనసు ఒప్పుకోలేదు తల్లీ. అమ్మమ్మ నూతి దగ్గరికి ఎందుకు వెళ్లదు, పడమటి గదికి తాళం ఎందుకు వేసింది, ఎవరి పేరెత్తితే అన్నం ముందునుంచి లేచిపోతుంది... పాఠకులు అడిగిన ప్రతిదానికీ వరసపెట్టి జవాబు చెప్పావు. జవాబులన్నీ కుదిరాయి. అమ్మమ్మే కనబడలేదు.

ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇదే చేశాను. నా నవల్లో ఊరొదిలి వెళ్లిపోయిన అన్న ఏమయ్యాడని ఉత్తరాలొస్తుంటే, వాడి కథంతా విడిగా రాసిచ్చాను. ఆ తరవాత వాడి గురించి ఒక్క ఉత్తరం రాలేదు. వాళ్లకి అడగడానికి నేనేమీ మిగల్చలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మొన్న సెలవుల్లో మా మనవరాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక జపాన్ యానిమే, అంటే బొమ్మల సినిమా, చూపించింది. 'జుజుత్సు కైసెన్ 0'. 'జుజుత్సు కైసెన్' అనే సిరీస్‌కి ముందుకథ అది. ముందు సిరీస్ మొదటి సీజన్ 24 ఎపిసోడ్లూ చూడాలంది, చూశాను. ఆ తరవాత సినిమా. వీలైతే నువ్వూ ఆ వరసలోనే చూడు. కథ చెప్పకుండా నీకు ఈ మాట చెప్పలేను, ఏమీ అనుకోకు.

యూతా అనే కుర్రాడు. చిన్నప్పుడు రికా అనే పిల్లా వీడూ పెద్దయ్యాక పెళ్లి చేసుకుందామనుకున్నారు. వాడి కళ్లముందే కారు గుద్ది ఆ పిల్ల చచ్చిపోయింది. అప్పట్నుంచి భయంకరమైన రూపంలో వాడి వెంటే ఉంది. వాణ్ణి ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోదు. రికా వీణ్ణి పట్టి పీడిస్తోందని అందరూ అంటారు, మనమూ అలాగే నమ్ముతాం. తీరా చివర్లో గురువు గోజో ఒక్క మాటతో దాన్ని తిరగేస్తాడు. శాపం పెట్టింది ఆ పిల్ల కాదు, నువ్వే అంటాడు. రోడ్డు మీద రికా చావుని ఒప్పుకోలేక, పోవద్దు పోవద్దని వాడు పట్టుకున్న పట్టే దాన్ని కట్టిపడేసింది. కొత్త సంఘటన ఏదీ తేలేదు చూశావా? మనం చూసిన ముక్కనే మళ్లీ చూపించారు, అంతే. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పోతూ పోతూ ఆ పిల్ల వాడి మీద నేరం మోపదు. నీతో ఉన్న ఈ ఆరేళ్లూ బతికున్న రోజులకన్నా సుఖంగా గడిచాయి అంటుంది.

ఇంత బలం ఎక్కడిదా అని తెలుసుకుంటే ఒక సంగతి బయటపడింది. దీని రచయిత గేగే అకుతామి ఈ కథని 2017లో బొమ్మల కథగా నాలుగు భాగాల్లో రాశాడు. అసలు సిరీస్ వారపత్రికలో మొదలైంది 2018 మార్చిలో. అంటే ముందుకథ అని మనం పిలుస్తున్నది నిజంగానే ముందు రాసిన కథ! యూతా దుఃఖం తప్ప దాని నెత్తిన వేరే బరువేదీ లేదు. సిరీస్ చూసినవాళ్ల కోసం ఏదో సర్దిచెప్పే పని దానికి పడలేదు. 2021 డిసెంబరు 24న సినిమాగా వచ్చేసరికి సిరీస్ వెనక్కి వచ్చి దీని మీద వాలింది.

సిరీస్‌లో గెతో అనే దుర్మార్గుణ్ణి నుదుటి మీద కుట్లతో చూస్తాం. అంతకు ఏడాది ముందు జరిగే ఈ సినిమాలో వాడి నుదుటి మీద కుట్లు లేవు. పైగా చివర్లో, ఒకప్పటి స్నేహితుడు గోజో చేతిలోనే వాడు చచ్చిపోతాడు. మరి సిరీస్‌లో ఉన్నదెవరు? సినిమా చెప్పదు. సందులో గోడకి చేరగిలబడి, ఒక చెయ్యి పోయి కూర్చున్న గెతోతో గోజో ఏదో అంటాడు. అదీ మనకి వినబడనివ్వరు. విని గెతో నవ్వుతాడు, కనీసం ఆఖర్నైనా నన్ను తిట్టొచ్చుగా అంటాడు. ఆ తరవాత గోజో యూతాకి, వాడు పారేసుకున్న స్కూలు గుర్తింపు కార్డు తిరిగి ఇస్తాడు. ఎవరికి దొరికిందని వాడు అడిగితే, నా స్నేహితుడికి, నాకున్న ఒకే ఒక్కడికి అంటాడు. చంపింది తనే. చేతిలో ఒక కార్డు, నోట ఒక మాట. నేనైతే ఆ చోట నాలుగు పేజీలు రాసేవాణ్ణి.

ఇనుమాకి అని ఇంకొకడు. వాడి నోటి మాట ఎదుటివాళ్లకి దెబ్బ అయి తగులుతుంది. అందుకని అన్నం ఉండల్లో పెట్టే పదార్థాల పేర్లు తప్ప ఇంకేమీ పలకడు. అవునంటే సాల్మన్, కాదంటే ఒకాకా. ఆ రెండు ముక్కల్లోనే యూతా మీద వాడికున్న ఆప్యాయత తెలుస్తుంది. సిరీస్‌లో వాడు సీనియరు, ఇక్కడ యూతా తోటివాడు. ఇది చూశాక సిరీస్‌లో వాడి ప్రతి 'సాల్మన్' నాకు ఇంకోలా వినబడింది.

ఇప్పుడు నీ రాతప్రతి సంగతి. సీరియల్‌ని పక్కన పెట్టేసి, అది పుట్టనే లేదనుకుని మొదలుపెట్టు. పదహారేళ్ల ఆ పిల్లకి ముందు ముందు తను అమ్మమ్మ అవుతానని తెలియదు, నూతికి భయపడతాననీ తెలియదు. మూడో ప్రకరణంలో నూతి కథ చెప్పే ఆరు పేజీలూ తీసెయ్యి. వాటి మధ్య ఒక వాక్యం ఉంది, నువ్వు గమనించినట్టు లేదు: తెల్లారగట్ల ఎవరూ తోడకుండానే గిలక చప్పుడవుతుంటే, ఆ పిల్ల పక్కకి ఒత్తిగిలి పడుకుంటుంది. దాన్ని ఉంచు. అక్కణ్ణుంచి మళ్లీ రాసి పంపు. సంక్రాంతి దాకా నేను ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు