జీపు స్టీరింగు వణుకుతుంటే

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. జీపు నలభై స్పీడు దాటితే స్టీరింగు వణుకుతోందనీ, స్టీరింగు బాక్సు (స్టీరింగు కింద ఉండే గేర్ల పెట్టె) బిగించేస్తే సరిపోతుందని మేస్త్రి అన్నాడనీ రాశావు. ముందు ఆ పని ఆపించు. బాక్సు మీది స్క్రూ బిగిస్తే చేతికి ప్లే, అంటే వదులు, తగ్గినట్టే ఉంటుంది కానీ, కింద అరుగుదల అలాగే ఉండిపోతుంది. అతిగా బిగిస్తే బాక్సు పట్టేస్తుంది, మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాదు. అరకు ఘాట్ రోడ్డులో అలాంటి బండి నడపడం నాకు ఊహించుకోవడానికే భయం.

నీది సీజే-3బి. విల్లీస్ 1953లో తెచ్చిన ఆ మోడల్‌నే మహీంద్రా దశాబ్దాల పాటు మన దేశంలో తయారుచేసింది. బాక్సు నుంచి డ్రాగ్ లింకు అనే కడ్డీ వచ్చి బెల్ క్రాంకు అనే తిరిగే చేతిని తిప్పుతుంది, అక్కడి నుంచి చెరో ముందు చక్రానికీ టై రాడ్డు అనే ఒక కడ్డీ వెళ్తుంది. ఇన్ని జాయింట్లలో తలా కాస్త అరిగినా, స్టీరింగు దగ్గరికొచ్చేసరికి అదంతా కలిసి బెత్తెడు ప్లే అవుతుంది.

అందుకే సామాన్లు కొనేముందు ఎక్కడ అరిగిందో వెతకాలి. చక్రాలు నేలమీదే ఉంచి, ఎవరినైనా స్టీరింగు అటూ ఇటూ కొద్దిగా ఆడించమను. నువ్వు కింద దూరి ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూడు. ఒక వైపు కదిలాక రెండో వైపు ఆలస్యంగా కదిలితే అది పోయినట్టే. బెల్ క్రాంకును ప్రత్యేకంగా చూడు, చాలామంది వదిలేసేది దాన్నే. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఊగుతుంటే బ్రేకు తొక్కించు. ఊపు ఆగిందంటే వదులైంది వీల్ బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగులు.

కింగ్ పిన్ విప్పినప్పుడు పైనా కిందా ఉండే షిమ్ములు (పల్చటి రేకు బిళ్ళలు) కలిసిపోనివ్వకు, వేరువేరుగా కట్టి రాసిపెట్టు. బేరింగుతో పాటు అది కూర్చునే కప్పు (బయటి రింగు) కూడా కొత్తదే వెయ్యాలి. బిగువు కావాలంటే పైనా కిందా సమానంగా షిమ్ములు తీస్తూ రా. టై రాడ్డు తగిలించకముందు, చక్రం బిగించే భాగాన్ని చేత్తో పక్కకు తిప్పితే కాస్త బరువుగా, ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఈ ఒక్క పనికి ఒక పూటంతా పట్టినా పట్టనీ. వెనక గ్రీసు కారకుండా ఉండే ఫెల్ట్ సీలు కూడా అప్పుడే మార్చెయ్.

టై రాడ్డు ఎండ్లు (చివర్లలో ఉండే జాయింట్లు) ఊడదీసేటప్పుడు బోల్టు మీద కొట్టకు, దాని మర చుట్లు పాడవుతాయి. ఆ బోల్టు దిగిన ఆర్మ్ కన్నానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క గట్టిగా ఒక దెబ్బ వేస్తే ఊడి వస్తుంది. రాడ్డుకు ఒక చివర ఎడమ మర, రెండో చివర కుడి మర ఉంటుంది. ఎండ్లు కొనేటప్పుడు రెండూ చూసుకో. నట్టు ఊడకుండా పెట్టే పాత కాటర్ పిన్ను మళ్ళీ వాడొద్దు.

అన్నీ బిగించాక టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు కాస్త లోపలికి ఉండేలా, పెట్టించు. దీనికి అంగుళంలో 3/64 నుంచి 3/32 దాకా, అంటే రెండున్నర మిల్లీమీటర్ల లోపే. అప్పటికీ ప్లే మిగిలితే, చక్రాలు తిన్నగా పెట్టి బాక్సు స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పు. రెండు వైపులా చివరిదాకా తేలిగ్గా తిరుగుతోందో లేదో ప్రతిసారీ చూసుకో. గ్రీస్ గన్నుతో గ్రీసు ఎక్కించే నిపుల్సన్నిటికీ కొట్టాకే బండి రోడ్డెక్కించు. కొద్ది రోజులు తిరిగాక నట్లన్నీ మరోసారి తనిఖీ చెయ్.

అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య