స్టే వైరుకు ఎర్త్ తగిలిస్తే సరిపోతుందా?

ప్రశ్న: 11 కేవీ లైన్లో పనికి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనుకు కరెంటు ఆపి ఇచ్చే పని అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడగొట్టే స్విచ్) విప్పి, డిశ్చార్జ్ రాడ్లు (లైనును ఎర్త్‌కు కలిపే కొక్కెం కర్రలు) వేస్తున్నాం. పొలాల మధ్య సిమెంటు స్తంభాల దగ్గర ఎర్త్ వైరు దేనికి తగిలించాలి? స్టే వైరు (స్తంభం ఒరగకుండా లాగి పట్టే తీగ) పనికొస్తుందా?
– ఒక జూనియర్ లైన్‌మన్, జగిత్యాల జిల్లా

జవాబు: స్టే వైరు వద్దు. దాని మధ్యలో పింగాణీ ఇన్సులేటర్ ఉంటుంది. దానికి పైన తగిలిస్తే కరెంటు భూమిలోకి దిగే దారే ఉండదు. సిమెంటు స్తంభాన్నీ ఎర్త్‌గా నమ్మకండి. ఎల్‌టీ (ఇళ్లకు, మోటార్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ లైను) న్యూట్రల్‌కు అసలే పెట్టకండి. పొరపాటున లైను చార్జ్ అయితే, అంటే అందులోకి కరెంటు వస్తే, ఆ వోల్టేజీ ఇళ్లకు, మోటారు స్టార్టర్లకు పాకుతుంది.

దగ్గర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని బాడీ ఎర్త్ (ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప పెట్టెను భూమికి కలిపే వైరు) మేలు. అది న్యూట్రల్‌తో కలిసి లేదని ముందు చూసుకోండి. ఆ జీఐ (జింకు పూత ఇనుప) వైరు మట్టిలోకి దిగేచోట నాలుగు వేళ్ల లోతు తవ్వండి. పైన బాగానే కనిపించే వైరు సరిగ్గా అక్కడే తుప్పు తిని, ఊపితే ఊడి వస్తుంది. క్లాంపు బిగించేచోట రంగు, తుప్పు గీకి లోహం బయటపడనివ్వండి.

అదీ లేకుంటే స్పైక్ (నేలలో దిగగొట్టే లోహపు కడ్డీ) పాతాలి. దాని బలహీనత మాత్రం తెలిసుండాలి. ఎండిన ఎర్రనేలలో మీటరు స్పైక్ నిరోధం 100 ఓమ్‌లు దాటడం మామూలే. ఫేజుకు భూమికి మధ్య 6,350 వోల్టులు. 100 ఓమ్‌ల మీద పారేది 63 ఆంపియర్లే. అంత తక్కువ కరెంటుకు బ్రేకర్ (సబ్‌స్టేషన్‌లో కరెంటును తనంతట తానే ఆపే స్విచ్) పడకపోవచ్చు, స్పైక్ చుట్టూ నేల మాత్రం వేల వోల్టుల్లో ఉంటుంది. తడి నేల చూసి పూర్తిగా దిగగొట్టండి, కింద ఉన్నవాళ్లను దూరంగా నిలపండి.

అందుకే మూడు ఫేజులనూ ఒకదానితో ఒకటి షార్ట్ చేయడం తప్పనిసరి. అప్పుడు లైను చార్జ్ అయితే పారేది భారీ షార్ట్ సర్క్యూట్ కరెంటు, బ్రేకర్ వెంటనే పడుతుంది. పనిచేసే స్తంభం మీద క్రాస్ ఆర్మ్‌ను (తీగలను మోసే అడ్డ పట్టీని) కూడా ఆ షార్టింగ్‌తోనే కలపండి. మీ చేయీ కాలూ ఒకే వోల్టేజీలో ఉండాలి. పనిచోటికి రెండు వైపులా ఎర్త్ వేయండి. రైసు మిల్లు జనరేటర్ నుంచి ఎల్‌టీలోకి వచ్చిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11 కేవీ అవుతుంది. ఎల్‌సీ దాన్ని ఆపదు.

ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్లతో చూసి, హ్యాండిల్‌కు తాళం వేయండి. టెస్టర్‌ను ముందు చార్జ్‌లో ఉన్న లైను మీద సరిచూసి, తర్వాత మీ లైను మీద పెట్టండి. ఎర్త్ క్లాంపు ముందు, లైను కొక్కెం తర్వాత. తీసేటప్పుడు కొక్కేలు మూడూ దిగాకే ఎర్త్ క్లాంపు విప్పాలి. ముందే విప్పితే లైనులోని వోల్టేజీ మీ చేతిలోని వైరుకే వస్తుంది.