సైకిల్‌కి రోడ్డు మీద చోటెలా అడగాలి?

ప్రశ్న: మా కాలనీలో కొందరం ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తున్నాం. విడిగా దారి వేయమని అడిగితే ఒక నాయకుడు "ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సైకిల్ ట్రాక్ ఉందిగా, అక్కడ తొక్కుకోండి" అన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ మాటకి ఒళ్లు మండదూ! 2023లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ బాగుంటుంది, పైన సోలార్ కప్పు కూడా ఉంది, ఆదివారం పొద్దున్నే సరదాగా తొక్కడానికి భేష్, కానీ ఆఫీసుకో కూరగాయలకో వెళ్లేవాళ్లకి దాంతో ఏం పని?

సైకిళ్లకి పేరున్న నెదర్లాండ్స్ వాళ్లు మొదట్నుంచీ ఇంతే అనుకుంటాం గానీ, కాదండీ. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, 1973లో చమురు సంక్షోభం తోడైంది, అప్పుడు గానీ ప్రభుత్వం కదల్లేదు.

మీరు మొదటే లేన్ అడక్కండి, బడ్జెట్ లేదంటారు. మీ దారిలో ఒక కిలోమీటరు నడిచి ఫొటోలు తీయండి. డ్రైనేజీ జాలీ కమ్మీలు రోడ్డు పొడవునా ఉంటే సన్న టైరు అందులో దిగిపోతుంది, అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. అలాంటివి పట్టుకుని సోమవారం ప్రజావాణికి, అంటే అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే చోటికి వెళ్లండి. పాలవాళ్లనీ వాచ్‌మన్‌లనీ కూడా తీసుకెళ్లండి, హెల్మెట్ల బ్యాచ్ ఒక్కటే వెళ్తే హాబీ అనుకుంటారు. లీటరు పెట్రోలు కాలిస్తే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని చెప్పొచ్చు, కానీ ముందు స్కూలు పిల్లల సంగతి ఎత్తండి. రసీదు లేకుండా మాత్రం బయటికి రాకండి.